పాదరసపు భారమితియు, మన బావినీళ్లును

గడచిన వేసవిలో మన సంఘసభ్యులలో నొకరు మా కార్యాలయమునకు వచ్చి తమ కష్టమును చెప్పుకొనిరి. వారి బావిలో నీరు గట్టునుండి 36 అడుగుల లోతునకు దిగిపోయినది. గట్టుమీద బిగించియున్న 3 హార్సుపవరు మోటారు నీరు తీయుట మానినది. మోటారులు అమ్మువారు 5 హార్సుపవరుది పెట్టినచో నీరు తప్పక వచ్చునని చెప్పగా, వారు మన సంఘమునందే అప్పు తీసికొని దానిని కొనిరి. అదియు గిఱ్ఱున తిరిగినదే గాని చుక్కనీరు పైకి తేలేదు. బత్తాయితోట ఎండుచున్నది. ఇక 7.5 హార్సుపవరు మోటారునకు అప్పు కావలెనని వారి కోరిక.

మా కార్యాలయపు గోడకు ఒక పాత పాదరసపు భారమితి వ్రేలాడుచున్నది. దానినే బారోమీటరు అందురు. మేము వారిని దానియొద్దకు తీసికొనిపోయి, "అయ్యా, తమ బావినుండి నీరు రాకుండుటకు కారణము మోటారులో లేదు, ఈ గాజుగొట్టములో నున్నది, చూడుడు" అంటిమి. వారు నవ్వి, "రెండు మూరల గాజుగొట్టమునకును, 36 అడుగుల బావికిని సంబంధ మేమండీ?" అనిరి. ఆనాడు వారికి చెప్పిన సమాధానమునే మరికొంత విపులముగా వ్రాసి, సభ్యులందరికిని తెలియజేయుచున్నాము.

గాలికిని బరువు కలదు

మనము గాలిని వస్తువుగా లెక్కింపము. ఏమియు లేని గాదెను చూచి ఖాళీగా నున్నదందుము. కాని ఒక ఘనమీటరు గాలి సుమారు 1.2 కిలోగ్రాములు తూగును. నాలుగేసి మీటర్ల పొడవు వెడల్పులును, మూడు మీటర్ల ఎత్తును గల గదిలోని గాలిని తూచగలిగినచో, అది ఒక యూరియా బస్తాను మించి తూగును. ఇట్టి గాలి మన తలలపై అనేక మైళ్ల ఎత్తువరకు నిలిచియున్నది. అందుచేత సముద్రతీరమున ప్రతి చదరపు సెంటీమీటరు చోటుపైనను ఒక కిలోగ్రామునకు కొంచె మెక్కువగా గాలిబరువు పడుచున్నది. దీనినే వాయుపీడనమని చెప్పుదురు. ఇది పైనుండియే గాక అన్ని దిక్కులనుండియు ఒత్తుచుండును. మన శరీరములోపలినుండియు అంతే ఒత్తిడి యుండుటచేత మన కిది తెలియదు.

ఈ ఒత్తిడి బావిలోని నీటిమీదను పడుచున్నది. మోట వేరు, పంపు వేరు అని ఇక్కడ గుర్తింపవలెను. మోట నీటిలో మునిగి, దానిని పట్టుకొని పైకి వచ్చును. ఎద్దులకు బలమును, మోకునకు పొడవును ఉన్నంతవరకు ఎంత లోతునుండియైనను తోడును. గట్టుమీది పంపు అట్లు చేయదు. అది తన సక్షను పైపులోని గాలిని తీసివేయును, అంతే. అప్పుడు బావినీటిమీద ఒత్తుచున్న బయటిగాలి ఆ నీటిని పైపులోనికి ఎక్కించును. నీటిని పైకి తెచ్చునది మోటారు కాదు, గాలి. గాలి ఎంతవరకు నెట్టగలదో అంతవరకే నీరు వచ్చును.

పంపు బాగుచేయువాడు చెప్పిన మాట

ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడగు గెలీలియో 1638వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథములో, మన సభ్యుని కష్టమువంటిదే ఒక సంగతి కలదు. ఆ గ్రంథములోని సంభాషణలో ఒకరు, తమ పంపు నీరు తీయకుండుటచేత బాగుచేయువానిని పిలిపించితిమనియు, వాడు చూచి దోషము పంపులో లేదు, నీరు మిక్కిలి దిగిపోయినది, 18 మూరలకు మించి ఏ పంపును నీటిని ఎత్తజాలదు అనెననియు చెప్పుదురు. ఆ దేశపు నాటి మూర మన మూరకంటె పెద్దది. 18 మూరలన ఇంచుమించు 10 మీటర్లు. గెలీలియో దీనికి కారణము వెదకుచు, వ్రేలాడదీసిన పొడుగైన మోకు తన బరువునకు తానే తెగినట్లు, నీటిస్తంభమును తన బరువునకు తానే తెగునని తలచెను. ఆ ఊహ సరికాదు.

సరియైన కారణమును ఆయన శిష్యుడగు టోరిసెల్లి కనుగొనెను. నీరు బయటిగాలి బరువునకు సమతూకముగా నిలుచుచున్నదేని, నీటికంటె బరువైన ద్రవమును తీసికొనినచో అది అంత తక్కువ ఎత్తునకే నిలువవలెనని ఆయన ఆలోచించెను. పాదరసము నీటికంటె సుమారు 13.6 రెట్లు బరువైనది. కాబట్టి పాదరసము 10 మీటర్లకు గాక, అందులో 13.6వ వంతునకు, అనగా ముప్పాతిక మీటరునకు నిలువవలెను. 1644 నాటికి టోరిసెల్లియు, ఆయన స్నేహితుడగు వివియానియు దీనిని పరీక్షించి చూచిరి. ఒకవైపు మూసియున్న గాజుగొట్టమును పాదరసముతో నింపి, వ్రేలితో మూసి, పాదరసపు తొట్టిలో తలక్రిందుగా నిలిపి వ్రేలు తీయగా, పాదరసము కొంత దిగి, సుమారు 76 సెంటీమీటర్ల ఎత్తున నిలిచిపోయినది. దానిపైని చోటు శూన్యము. భారమితి పుట్టుక ఇదియే.

ఆ శూన్యమే పాదరసమును పట్టి లాగుచున్నదేమో అని కొందరికి సందేహము కలుగవచ్చునని, పైకొన పెద్దబుడ్డిగా నున్న మరొక గొట్టముతోను వారు పరీక్షించిరి. శూన్యము లాగునదైనచో పెద్దశూన్యము ఎక్కువ లాగవలెను గదా. కాని రెండు గొట్టములలోను పాదరసము ఒకే మట్టమున నిలిచినది. లాగునది ఏదియు లేదు; నెట్టునది బయటనున్న గాలి యొక్కటియే. 5 హార్సుపవరుల మోటారు 3 హార్సుపవరులదానికంటె ఎక్కువ "లాగును" అని నమ్మువారు ఈ బుడ్డిగొట్టమును జ్ఞప్తియందుంచుకొనవలెను.

సాంద్రతయు, స్తంభపు ఎత్తును

ఒకే కొలతగల పాత్రలో పట్టిన ద్రవములను తూచినచో ఒక్కొక్కటి యొక్కొక్క బరువు తూగును. ఒక లీటరు నీరు ఒక కిలోగ్రాము. ఒక లీటరు పాదరసము 13.6 కిలోగ్రాములు; ఒక లీటరు వేరుసెనగ నూనె ఒక కిలోగ్రామునకు లోపే. ఈ గుణమునకే సాంద్రత యని పేరు. భారమితి యెంత పొడవుండవలెనో నిర్ణయించునది ఈ సాంద్రతయే. సూత్రము సులభమైనది: నీటికి నిలుచు ఎత్తును ద్రవముయొక్క సాంద్రతచే భాగింపవలెను. సముద్రమట్టమున సామాన్య వాయుపీడనమునకు నీరు 10.33 మీటర్లు, అనగా సుమారు 34 అడుగులు నిలుచును. దానినిబట్టి మిగిలినవి యిట్లుండును.

పాదరసము: సాంద్రత 13.6, ఎత్తు 76 సెం.మీ.
గ్లిసరిను: సాంద్రత 1.26, ఎత్తు 8.2 మీటర్లు.
సముద్రపు నీరు: సాంద్రత 1.025, ఎత్తు 10.1 మీటర్లు.
మంచినీరు: సాంద్రత 1, ఎత్తు 10.3 మీటర్లు.
వేరుసెనగ నూనె: సాంద్రత సుమారు 0.915, ఎత్తు 11.3 మీటర్లు.
ఆల్కహాలు: సాంద్రత 0.79, ఎత్తు 13.1 మీటర్లు.

ఇవి గొట్టములోని శూన్యమున ద్రవపు ఆవిరి యేమియు లేదనుకొని వేసిన లెక్కలు. ఆవిరి సంగతి ముందు చెప్పెదము.

గొట్టము లావైనచో ద్రవము తక్కువ ఎత్తున నిలువదా యని మన సభ్యు లడిగిరి. నిలువదు. గొట్టము వైశాల్యము రెట్టింపైనచో దానిలోని ద్రవపు బరువు రెట్టింపగును. దానిని క్రిందినుండి నెట్టు గాలికి దొరకు చోటును రెట్టింపగును. రెండును సమముగా పెరుగుటచేత ఎత్తు మారదు. అయితే మిక్కిలి సన్నని గొట్టమున మరొక చిక్కు కలదు. గాజు నీటిని అంటించుకొని కొంచెము పైకి ఎక్కించును. పాదరసమును అంటనీయక కొంచెము క్రిందికి దించును. అందుచేత మంచి భారమితులకు లావుగొట్టములనే వాడుదురు.

నీటి భారమితి యేల వాడుకకు రాలేదు?

తేలికద్రవమునకు పొడుగుగొట్టము కావలసివచ్చుట ఒక అసౌకర్యమే యైనను, దానిలో నొక గొప్ప లాభము కలదు. గాలి ఒత్తిడి కొంచెము మారినప్పుడు పాదరసము ఒక మిల్లీమీటరు కదలినచో నీరు 13.6 మిల్లీమీటర్లు కదలును. పాదరసమున కన్ను చికిలించి చూడవలసిన మార్పు నీటియందు దూరమునుండియే కనబడును.

ఈ లాభమును కోరి పెద్దలు అనేకులు ప్రయత్నించిరి. ఫ్రాన్సు దేశమున పాస్కలు 1646, 1647 సంవత్సరములలో రువాను పట్టణమున 46 అడుగుల గాజుగొట్టములు చేయించి, ఒకదానిలో నీటిని, ఒకదానిలో ద్రాక్షసారాయమును నింపి నిలిపించెను. గొట్టముపై శూన్యము లేదు, ద్రవపు ఆవిరియే నిండి క్రిందికి నెట్టుచున్నదని వాదించువా రుండిరి. ద్రాక్షసారాయము నీటికంటె త్వరగా ఆవిరి యగును గనుక, వారి వాదము నిజమైనచో అదియే తక్కువ ఎత్తున నిలువవలెను. కాని అది నీటికంటె ఎక్కువ ఎత్తుననే నిలిచినది. ఏలయన దాని సాంద్రత కొంచెము తక్కువ. జర్మనీలోని మాగ్డెబర్గు పట్టణమున ఆటో ఫాన్ గెరికె తన యింటి గోడవెంట నీటి భారమితిని కట్టించి, పైన నీటిలో తేలు చిన్నబొమ్మను వేసెను. నీరు దిగినకొలది బొమ్మయు దిగి వ్రేలితో గీతను చూపెడిది. 1660లో నీరు ఒక్కమారుగా దిగిపోవుట చూచి ఆయన గాలివాన రానున్నదని ముందుగా చెప్పెనని ప్రసిద్ధి. 1830 తరువాతి సంవత్సరములలో లండనులోని రాయలు సొసైటీ భవనమున డేనియలు అను శాస్త్రజ్ఞుడు 40 అడుగుల నీటి భారమితిని నిలిపెను.

ఇన్నిచేసినను అది వాడుకకు రాలేదు. దీనికి ముఖ్యకారణము ఆవిరి. పాస్కలు నాటి వాదులు మొత్తముమీద తప్పినను, వారి మాటలో కొంత సత్యము లేకపోలేదు. నీటిపైని చోటు కేవలము శూన్యముగా నుండదు. నీటి ఆవిరి అక్కడ చేరి స్తంభమును కొంత క్రిందికి నెట్టును. చలిదేశములలో ఆ నెట్టుడు కొంచెమే. మన దేశపు సంగతి వేరు. 25 డిగ్రీల వేడియందు ఆవిరి నీటిస్తంభమును సుమారు 32 సెంటీమీటర్లు దించును. 40 డిగ్రీలయందు 75 సెంటీమీటర్లు దించును. అనగా మన ప్రాంతమున ఏప్రిలు నెలలో తెల్లవారి నిలిపిన నీటి భారమితి, బయటి గాలి ఏమాత్రము మారకున్నను, మధ్యాహ్నమునకు 43 సెంటీమీటర్లు దిగును. పెద్దతుపాను మీదుగా పోవునప్పుడు కలుగు పతనమునకు ఇది దగ్గరదగ్గరగా వచ్చును. అట్టి యంత్రమును నమ్ముకొన్నచో ప్రతిదినము మధ్యాహ్నము పశువులను తోలుకొని మెరకకు పోవలసియుండును! ఇదిగాక నీటిలో కరగియున్న గాలియు మెల్లగా బయలుదేరి పైకి చేరును. చలిదేశములలో నీరు గడ్డకట్టును.

ఆవిరి తక్కువ, సాంద్రత నీటికంటె ఎక్కువ గనుక గ్లిసరిను మేలని తలచి 1880 ప్రాంతమున ఇంగ్లండులో గ్లిసరిను భారమితులను కట్టిరి. అవి 27 అడుగుల పొడవు. కాని గ్లిసరిను గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ చేరినకొలది దాని సాంద్రత తగ్గును. సాంద్రత తగ్గినచో కొలత తప్పును. దానినుండి కాపాడుటకు తొట్టిలో నూనెపొర పోయవలసివచ్చినది. ద్రవముయొక్క సాంద్రత స్థిరముగా నుండనిచో భారమితి పడికట్టు మారిన త్రాసువంటిది.

పాదరసముయొక్క గుణదోషములు

ఇప్పుడు పాదరసమునే యేల వాడిరో తెలియగలదు. అది బరువైనది గనుక గొట్టము ఒక మీటరైన నుండనక్కరలేదు. బండిలో పెట్టి తీసికొనిపోవచ్చును. 1648 సెప్టెంబరు 19వ తేదీన పాస్కలు బావమరిది... కాదు, బావగారగు పెరియే ప్యూయి ద డోము అను కొండమీదికి పాదరసపు గొట్టములను మోసికొనిపోయి, కొండపైన పాదరసము మూడంగుళములకు పైగా దిగుట చూచి, పైకిపోయినకొలది గాలిబరువు తగ్గునని రుజువు చేయుట దీనివలననే సాధ్యమైనది. నీటిగొట్టముతో కొండ యెక్కుట ఎవ్వరితరము? పాదరసపు ఆవిరి మన వేసవిలోను మిల్లీమీటరులో నూరవవంతైనను స్తంభమును దించదు. అది గాజునకు అంటదు. మన మెరిగిన ఏ చలికిని ఈ దేశపు పల్లపునేలలలో గడ్డకట్టదు.

దోషములును కలవు. కదలిక చిన్నది. మన తీరమున సామాన్యదినములలో ఉదయము 10 గంటలకు పీడనము ఎక్కువగాను, సాయంకాలము 4 గంటలకు తక్కువగాను ఉండును. ఈ భేదము 3, 4 మిల్లీబార్లు. పాదరసమున ఇది రెండుమూడు మిల్లీమీటర్లు మాత్రమే. ఇంత చిన్న కదలికను చూచుటకు మిల్లీమీటరులో పదవవంతును చదువగల వెర్నియరు అను జారుడుబద్దను అమర్చిరి. ఇంగ్లండు దేశస్థుడగు హుక్కు 1665 నాటికే తొట్టివైపున తేలుగుండును వేసి, దానికి దారము కట్టి, గిలకమీదుగా ముల్లును త్రిప్పు ఉపాయము చేసెను. మరికొందరు గొట్టము పైభాగమును ఏటవాలుగా వంచిరి. ఏటవాలు గట్టుమీద ఒక అడుగు ఎత్తు ఎక్కుటకు బండి అనేకమైన అడుగులు నడచినట్లు, అందు పాదరసము ఒక మిల్లీమీటరు ఎత్తు మారుటకు అనేక మిల్లీమీటర్లు నడచును.

వేడికి పాదరసమును వ్యాకోచించును. అనగా సాంద్రత తగ్గును. 30 డిగ్రీలయందు 760 మిల్లీమీటర్ల కొలతలో సుమారు 3.7 మిల్లీమీటర్లు తీసివేసిన గాని సరియైన లెక్క రాదు. అందుచేతనే ప్రతి మంచి భారమితికిని ఒక ఉష్ణమాపకమును తగిలించియుందురు. ఈ తీసివేత మరచినవాడు రాని వాయుగుండమును వచ్చినదనియు, వచ్చినదానిని రాలేదనియు చెప్పవచ్చును.

అన్నిటికంటె పెద్దదోషము పాదరసము విషమగుట. గొట్టము పగిలినచో దాని బిందువులు నేలసందులలో చేరి, కంటికి కనబడని ఆవిరితో ఊపిరితిత్తులకును, నరములకును, మూత్రపిండములకును హానిచేయును. 2013లో జపానునందు కుదిరి 2017లో అమలునకు వచ్చిన మినమాట ఒడంబడికయందు, పాదరసపు భారమితులవంటి పరికరముల తయారీని, ఎగుమతి దిగుమతులను 2020 నాటికి నిలుపవలెనని నిర్ణయించిరి. భారతదేశము 2018లో దానికి సమ్మతించినది. ఇప్పుడు ద్రవమే లేని భారమితులు వాడుకలో నున్నవి. 1844లో ఫ్రెంచివాడగు విది కనిపెట్టిన అనిరాయిడు భారమితిలో గాలి తీసివేసిన పలుచని లోహపు డబ్బీ గాలి ఒత్తిడికి అణగుచు, ఉబ్బుచు ముల్లును త్రిప్పును. కొన్ని మొబైలు ఫోనులలోను గోరంతకు తక్కువైన పీడనమాపకము కలదు. అయినను వాయుపీడనమును నేటికిని అనేకులు పాదరసపు మిల్లీమీటర్లతోనే చెప్పుచున్నారు. మా కార్యాలయపు భారమితిని ఎవరును విప్పరాదనియు, కదలింపరాదనియు ఇందుమూలముగా కోరుచున్నాము. ఇండ్లలో ఇట్టి పాతవస్తువులున్నవారు పిల్లల కందనీయరాదు.

సముద్రమే భారమితి

తీరగ్రామముల సభ్యులకు ఒక మాట. సముద్రమును ఒక పెద్ద నీటిభారమితియే. దానిమీద ఒకచోట గాలిబరువు తగ్గినచో, చుట్టుపట్ల ఎక్కువ బరువు పడుచున్న నీరు అక్కడికి ఎగదట్టును. పీడనము ఒక మిల్లీబారు తగ్గినచో సముద్రము ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగును. తుపాను నడుమ పీడనము 60 మిల్లీబార్లు తగ్గినచో పాదరసము 45 మిల్లీమీటర్లు దిగును. సముద్రము 60 సెంటీమీటర్లు, అనగా రెండడుగులు లేచును.

కాని ఉప్పెన అనగా ఇంతియే యని తలపరాదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమమీద పడిన నీరు సుమారు 5 మీటర్ల ఎత్తుగలదని చెప్పుదురు. వేలాది ప్రాణములు పోయినవి. ఆ ఎత్తులో గాలిబరువు తగ్గుటవలన వచ్చిన భాగము కొద్ది. తక్కినదంతయు ప్రచండవాయువు లోతులేని తీరపునీటిని ముందుకు త్రోయుటవలన కలిగినది. కాబట్టి గోడమీది భారమితి కొంచెమే దిగినదని ధైర్యము వహింపరాదు. ప్రభుత్వ వాతావరణ శాఖవారి హెచ్చరికయే ప్రమాణము. వారు అనేకస్థలముల పీడనములను ఒక్కచోట చేర్చి చూతురు; మన మొక్క గొట్టమును మాత్రమే చూతుము.

మన బావులకు ఈ లెక్క

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. బావిలోని సక్షను పైపు ఒక నీటిభారమితియే. తీరమున దాని పరమావధి 34 అడుగులు. అదియు పైపులోని గాలి సంపూర్ణముగా పోయి, నీటికి ఆవిరి లేక, పైపులో రాపిడి లేకయున్నప్పటి మాట. 30 డిగ్రీల నీటికి ఆవిరివలన అడుగున్నర పోవును. ఫుట్‌వాల్వు, వంపులు, పైపుగోడల రాపిడి కొంత తినును. నీరు పంపులోనికి వేగముగా చొచ్చుటకు కొంత ఒత్తిడి మిగిలియుండవలెను. ఇవన్నియు పోగా సామాన్యమైన సెంట్రిఫ్యూగలు పంపునకు 20 మొదలు 22 అడుగుల సక్షను మాత్రమే క్షేమము. మెరకప్రాంతములలో ఇంకను తగ్గించుకొనవలెను. ప్రతి 100 మీటర్ల ఎత్తునకు సుమారు 12 సెంటీమీటర్లు తరుగును. హైదరాబాదు సముద్రమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున నుండుటచేత అక్కడ పరమావధియే 32 అడుగులకు మించదు.

కాబట్టి 36 అడుగుల లోతునుండి గట్టుమీది పంపుతో నీరు తెచ్చుట 3 హార్సుపవరులకును, 7.5 హార్సుపవరులకును, నూరు హార్సుపవరులకును సాధ్యము కాదు. మోటారు బలము పంపునుండి పైకి, అనగా డెలివరీ పైపులో నీటిని నెట్టుటకు పనికివచ్చును. అక్కడ హార్సుపవరు హెచ్చినకొలది నీరు ఎత్తునకు పోవును. క్రిందినుండి పంపువరకు తెచ్చుట గాలి పని. గాలికి హార్సుపవరు పెంచువారు లేరు.

సభ్యులు ఈ క్రింది విషయములను గమనింప ప్రార్థన.

మొదటిది, నిండుబావిలో లోతు కొలువరాదు. నడివేసవిలో, పంపు గంటసేపు ఆడి నీరు దిగినపిమ్మట, పంపు నడిమినుండి నీటిమట్టమువరకు కొలువవలెను. రెండవది, ఆ లోతు 20 అడుగులు దాటుచున్నచో పంపును బావిలోని మెట్టుమీదికి దింపవలెను. లేదా సబ్‌మెర్సిబుల్ మోటారు పెట్టవలెను. అది నీటిలో మునిగియుండి నీటిని క్రిందినుండి నెట్టును గనుక ఈ హద్దు దానికి లేదు. మూడవది, సక్షను పైపు లావుగా, పొట్టిగా, వంపులు తక్కువగా నుండవలెను. కీళ్లలో సూదిమొనయంత సందున్నను గాలి చొరబడును. పైన చేరిన గాలి భారమితిలో ఆవిరివలెనే నీటిని క్రిందికి దించును. నాలుగవది, మోటారును దింపునప్పుడు కరెంటు నిలిపి, తెలిసినవారిచేతనే చేయింపవలెను.

మన సభ్యులు తమ పాత 3 హార్సుపవరు మోటారునే బావిలో 20 అడుగుల క్రిందనున్న మెట్టుమీదికి దింపించిరి. సక్షను 16 అడుగులకు తగ్గినది, నీరు వచ్చినది, తోటలో చాలభాగము దక్కినది. 5 హార్సుపవరు మోటారు మాత్రము వారి కొట్టములో పడియున్నది. దానిమీది వడ్డీ నడచుచునే యున్నది. ఇందులో తప్పు వారిది మాత్రమే కాదు. ఆ అప్పు మంజూరు చేసినప్పుడు మేము పొలము అడంగలు అడిగితిమి, హామీదారుల నడిగితిమి. నీరెంత లోతున నున్నదని మాత్రము అడుగలేదు. ఇకమీదట మోటారు అప్పునకు వచ్చు ప్రతి దరఖాస్తులోను వేసవినాటి నీటిలోతును వ్రాయవలెనని కోరుచున్నాము. అది 20 అడుగులు దాటినచో అప్పు మాట తరువాత. ముందు గోడమీది గాజుగొట్టమును చూచి మాటలాడుకొందము.